అన్నం మెతుకులతో అతికించిన పేజీ

మా ఊరి చర్చిలో ఏటా ఒక ఆదివారం పాస్టరుగారు మైకు పట్టుకుని నా గురించి నాలుగు మంచిమాటలు చెబుతారు. తాగడంటారు. ఎవరినీ పల్లెత్తు మాట అనడంటారు. అత్తగారిని కన్నతల్లిలా చూసుకుంటాడంటారు. రెండోది శుద్ధ అబద్ధమని తాడేపల్లిగూడెంలో మా బ్యాంకుకి వచ్చేవాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. క్యూ తప్పించి ముందుకొచ్చేవాడు ఎంత పెద్దమనిషైనా నా నోటికి చిక్కాల్సిందే. మిలటరీ నుంచి రిటైరై వచ్చి ఆ బ్యాంకులో గన్‌మాన్‌గా చేరి పదేళ్ళు దాటింది. ఇల్లు ఏలూరులో, ఉద్యోగం గూడెంలో. రోజూ పాసింజరు బండిలో వెళ్ళిరావడం.

అత్తగారి సంగతి మాత్రం నిజమే. ఎందుకు అంతలా చూసుకుంటానో పాస్టరుగారికి తెలియదు. నాకు తెలుసు, ఈమధ్య నుంచి నా భార్యకీ తెలుసు. అది చెప్పాలంటే డైరీ దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు కొల్లేటి గట్టున ఉంటుంది. ఇప్పుడు గట్టెక్కడో కొల్లేరెక్కడో చెప్పడం కష్టం, అంతా చేపల చెరువులే. నా భార్య అన్నయ్యా నేనూ అక్కడ ఒకే పేటలో, రెండిళ్ళ తేడాలో పుట్టాం. ఒకే సెలక్షన్‌లో పరిగెత్తి ఒకే రోజు మిలటరీలో చేరాం. అప్పటికి మా రెండిళ్ళకీ చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం. వాడు మాటకారి. నేను అప్పట్లో ఉత్త ముంగిని. వాడు పక్క మంచం మీద లేకపోతే ట్రైనింగులో మొదటి నెలలోనే పారిపోయి వచ్చేసేవాణ్ణి.

డైరీ వాళ్ళ నాన్నది. గూడెంలో ఎరువుల కొట్టు షావుకారుగారు కొత్త సంవత్సరానికి తన దగ్గర కొనే రైతులందరికీ డైరీలు పంచేవారు. మామయ్యకి చదువు రాదు, అట్ట బాగుందని తెచ్చుకున్నాడు. ఆ జనవరిలో మేం సెలవు మీద వచ్చినప్పుడు బావ దాన్ని తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ రాత గుండ్రంగా ఉంటుంది, నువ్వు రాయి. ఏం రాయాలో నేను చెబుతాను" అన్నాడు. రోజుకో పేజీ. ప్రతి పేజీ నెత్తిన తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం. అడుగున వరికి ఏ దశలో ఏ ఎరువు వేయాలో ఒక ముక్క.

ఆ వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. మమ్మల్నీ పంపారు. మేం తుపాకి పేల్చుకుంటూ కొండెక్కి జెండా పాతినవాళ్ళం కాదు, వాళ్ళు వేరు. మేం మోసినవాళ్ళం. నీళ్ళ డబ్బాలు, తూటాల పెట్టెలు, రొట్టెలు కింద నుంచి పైకి. దెబ్బ తగిలినవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు పై నుంచి కిందికి. అక్కడ ఉన్నన్నాళ్ళూ అవతలివాడి ముఖం ఒక్కసారి కూడా చూడలేదు నేను. డైరీలు రాయకూడదని ఆర్డరు. ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకునేవాణ్ణి. మా హవల్దారు ఒకసారి పట్టుకుని ఏం రాస్తున్నావని అడిగాడు. ప్రార్థనలన్నాను. ఆయనకి తెలుగు రాదు కాబట్టి నమ్మాడు.

రాసింది చూస్తే ప్రార్థనలు కావు. "ఈ రోజు రెండుసార్లు ఎక్కాం. నీళ్ళ డబ్బా భుజం కోసేసింది. బావ గోనెగుడ్డ ముక్క చుట్టి ఇచ్చాడు. పైన ఇరవైమందికి ఈ రెండు డబ్బాలే. ఒక గుక్క తాగుదామనిపించింది. తాగలేదు." ఇంకో పేజీలో, "ఒంటి మీద చొక్కా విప్పి పదకొండు రోజులైంది. కొల్లేట్లో పుట్టి నీళ్ళకి ఇంత ముఖం వాచిపోయినవాళ్ళు మేమే అయి ఉంటాం." మరో పేజీలో, "గుండ్లు పడే టైముకీ డైరీలో రాహుకాలానికీ సరిపోతోందా అని బావ రోజూ చూస్తున్నాడు. ఇవాళ సరిగ్గా సరిపోయింది. మనం యేసు ప్రభువుని నమ్ముకుంటే అవతలివాళ్ళు పంచాంగం చూసుకుంటున్నార్రా బావా అన్నాడు. నవ్వొచ్చింది, నవ్వితే పెదాలు పగిలి రక్తం వచ్చింది."

ఒక సాయంత్రం నేను రాయబోతుంటే వాడు పెన్ను లాక్కున్నాడు. ఆ పేజీ వాడి సొంత రాత. "అమ్మా, నేను రాస్తున్నాను, వీడు కాదు. వీడు అన్నీ ఏడుపులే రాస్తాడు. నేను బాగున్నాను. చెల్లి చదువు మాన్పించొద్దని నాన్నకి గట్టిగా చెప్పు. నేను వచ్చే ముందు ఉత్తరం రాస్తాను, కొర్రమీను దొరికితే తొట్టిలో బతికించి ఉంచు." వాడి చేతిరాతలో మిగిలింది అదొక్కటే. ఆ కాగితం వెనకవైపు పేజీ మర్నాటిది.

మర్నాటి సంగతికి ముందు కొల్లేటి అలవాటు ఒకటి చెప్పాలి. క్రిస్మస్ నెలలో కొల్లేటి మీద మంచు దిగితే తన దోనె ముక్కు తనకే కనపడదు. అప్పుడు దోనె మీద పోయేవాడు కాసేపటికోసారి "ఊ...య్" అని కూతేస్తాడు. విన్నవాడు తిరిగి కూయాలి. ఆ కూతని బట్టి ఎవరెటున్నారో తెలుసుకుని తప్పుకుంటారు, దారి తప్పినవాడు దారిలో పడతాడు. గట్టు తగాదాలతో ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు కూడా మంచులో కూత వినపడితే బదులిస్తారు. బదులివ్వనివాణ్ణి మా వైపు అసలు మనిషిగానే చూడరు. ఇది ఎవరూ నేర్పరు, పిల్లలకి దానంతటదే వస్తుంది.

ఆ రోజు తెల్లవారాక కూడా మేం కొండ మీదే ఉన్నాం. వెలుతురు రాకముందే దిగిపోవాలి, కాని పైన ఆలస్యమైంది. ఇంతలో మబ్బు దిగి కొండంతా కప్పేసింది. ఆ మరుగున దిగిపోదామన్నాడు హవల్దారు. ఎవరూ నోరు మెదపకూడదు, ముందున్నవాడి వీపు చూసుకుంటూ నడవాలి. నా బూటు రాళ్ళ సందులో ఇరుక్కుంది. లాక్కుని తలెత్తేసరికి ముందు ఏ వీపూ లేదు. ఎటు చూసినా తెలుపే. అయిదు నిమిషాలో పది నిమిషాలో అక్కడక్కడే తిరిగాను. ఎటు అడుగేస్తే లోయో తెలియదు. నాలుక పిడచకట్టుకుపోయింది. అప్పుడు కూశాను. గట్టిగా కాదు. కూయాలని అనుకుని కూడా కాదు, నోట్లోంచి వచ్చేసింది.

కింద నుంచి, ముప్పై అడుగుల దూరం కూడా ఉండదు, "ఊ...య్" అని బదులొచ్చింది. బావ గొంతు. వాడిది చిన్నప్పటి నుంచీ గట్టి గొంతు, మెల్లగా కూయడం వాడికి చేతకాదు. ఆ కూతతో నాకు దారి తెలిసింది. అవతలి మిషన్‌గన్ వాడికి మావాళ్ళెక్కడున్నారో తెలిసింది.

నేను పాక్కుంటూ వెళ్ళేసరికి బావకి ఇంకా ప్రాణం ఉంది. నన్ను గుర్తుపట్టాడు. "దొరికిందా బావా దారి" అన్నాడు. దొరికిందన్నాను. అరగంట పైనే బతికి ఉన్నాడు. ఆ అరగంటా మూలుగుతూనే ఉన్నాడు, నీళ్ళడిగాడు. రోజూ నీళ్ళు మోసేవాళ్ళం మేం. దిగేటప్పుడు డబ్బాలన్నీ ఖాళీ.

కింద క్యాంపులో హవల్దారు అందరినీ నిలబెట్టి అరిచిందెవరని అడిగాడు. అందరూ విన్నది ఒక్క గొంతే, గట్టి గొంతు. నా కూత ఎవరికీ వినపడలేదు. నేను తలొంచుకుని నిలబడ్డాను. చచ్చిపోయినవాడే అరిచాడని తేల్చేశారు. ఆ కాల్పుల్లో ఇంకో ఇద్దరికి దెబ్బలు తగిలాయి, ఆ పాపమూ వాడి ఖాతాలోకే పోయింది. నేను నోరు విప్పలేదు. భయపడ్డాను. అంతకంటే మంచి కారణం ఏదైనా ఉండి ఉంటుందా అని పాతికేళ్ళుగా వెతుక్కుంటున్నాను, దొరకలేదు.

ఆ సాయంత్రం మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. మూలిగిందీ, నీళ్ళడిగిందీ, దారి దొరికిందా అన్నదీ అన్నీ. చివర్న "ముందు కూసింది నేను, వాడు కాదు" అని రాసి కింద గీత గీశాను. కాగితానికి చెబితే సగం బరువు దిగుతుందనుకున్నాను కాబోలు. ఏమీ దిగలేదు. ఆ తర్వాత ఆ డైరీలో ఒక్క ముక్క రాయలేదు.

బావ శవపెట్టె వెంట ఊరికి నేనూ ఇంకో సిపాయీ వచ్చాం. జెండా, పూలదండలు, ఆఫీసర్లు, కొల్లేటి ఊళ్ళన్నిటి నుంచీ జనం. సమాధి చేసిన మర్నాడు మామయ్య ఆ రెండో సిపాయిని పక్కకి పిలిచి ఎలా జరిగిందని అడిగాడు. అతను వచ్చీరాని తెలుగులో తనకి తెలిసింది చెప్పాడు. అతని తప్పేమీ లేదు. మామయ్య ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు, కూతురికి తప్ప అత్తయ్యకి కూడా ఆ మాట చెప్పలేదు. వాకిట్లో చుట్ట కాల్చుకుంటూ ఒక్కసారి మాత్రం నాతో, "మావాడు అరిచి అందరి ప్రాణాల మీదకీ తెచ్చాడంటరా" అన్నాడు. నా వైపు చూడలేదు. నేను ఏమీ అనలేదు. మూడేళ్ళకి ఆయన పోయాడు.

ఆదరణ కూడికలో నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. మా చర్చిల్లో పోయినవాళ్ళ గురించి దగ్గరివాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పాలి. అత్తయ్య ముందు వరుసలో చాప మీద కూర్చుని నా నోటి వంకే చూస్తోంది. డైరీ చేతిలో పట్టుకుని లేచాను. అందులో చూసి చదువుతున్నట్టు చెప్పాను. "ఆ పొద్దున మంచు పట్టింది. బావ నాకంటే ముందు నడిచాడు. ఒకటే దెబ్బ, నొప్పి తెలియలేదు. అమ్మని తలుచుకున్నాడు. నా చేతుల్లోనే నిద్రపోయినట్టు వెళ్ళిపోయాడు." అంతే. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రి మొదటిసారి అన్నం తిందని చెప్పారు. దాంతో నేను మంచిపనే చేశాననుకున్నాను.

అప్పటి నుంచి ఏటా జ్ఞాపకార్థ కూడికలో అదే సాక్ష్యం. సెలవు దొరకని ఏడు ఉత్తరంలో రాసి పంపేవాణ్ణి, పాస్టరుగారు చదివేవారు. ఒక్క మాట కూడా మార్చలేదు. మార్చితే ఎక్కడ దొరికిపోతానోనని భయం. ఊళ్ళో మాత్రం అది నా భక్తి కింద లెక్క.

రెండేళ్ళయ్యాక అత్తయ్యే మా అమ్మని అడిగింది. మావాడు నీ కొడుకుని బావా బావా అనేవాడు కదా, మా పిల్లనిచ్చి ఆ మాట నిజం చేద్దామంది. మా అమ్మ ఉబ్బిపోయింది. నేను కాదనలేకపోయాను. ఆ పిల్లంటే ఇష్టం కూడా, అది దాచుకోవడం దేనికి. పెళ్ళికి ముందు చెప్పేద్దామని ముదినేపల్లిలో ఆమె చదివే కాలేజీ దాకా ఒకరోజు వెళ్ళాను. బస్సు కోసం నిలబడి ఉంది. నన్ను చూడగానే, "అన్నయ్యకి నిజంగానే నొప్పి తెలియలేదు కదండీ" అని అడిగింది. తెలియలేదన్నాను. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

పెళ్ళి ముందురోజు వరకూ నన్ను ఒరేయ్ అన్న అత్తయ్య, మర్నాటి నుంచి బాబుగారండీ అనడం మొదలుపెట్టింది. అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నా భార్య చదువు పూర్తి చేసి టీచరైంది. మాకొక అమ్మాయి, పెళ్ళయి పెంటపాడులో ఉంది. చూసేవాళ్ళకి మాది చల్లని సంసారం. డైరీ నా మిలటరీ పెట్టెలో తాళం వేసి ఉండేది, ఏడాదికోసారి కూడికకి మాత్రం బయటికొచ్చేది. నా భార్య ఆ పెట్టె జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు. అడిగి చదివించుకుందామని కూడా అనుకోలేదు. తట్టుకోలేనండీ అనేది.

కిందటేడు అత్తయ్యకి చూపు పూర్తిగా పోయింది. ఊళ్ళో ఒంటరిగా ఉంచలేక ఏలూరు తెచ్చుకున్నాం. వచ్చిన వారానికే అంది, "బాబుగారండీ, ఏడాదికోసారి నిలబడి నాలుగు ముక్కలే చదువుతారు మీరు. నాకు మొత్తం వినాలనుంది. మీకు డ్యూటీ కదా, పిల్ల చేత చదివించుకుంటాను. వాడి రాత ఉందన్నారు చూడండి, ఆ కాగితం మీద ఒకసారి చెయ్యి కూడా పెట్టుకుంటాను."

తాళంచెవి పోయిందన్నాను. నెల రోజులు గడిచాయి. దొరికిందాండీ అని రోజూ అడిగేది. నేను గూడెం నుంచి దిగి వాకిట్లో చెప్పులు విప్పుతుంటేనే అడిగేది. ఒకరోజు విసుగొచ్చి, "దొరికితే చెప్పనా, ఊరికే సతాయిస్తారేంటి" అని కసిరాను. గుడ్డి మనిషి, నా గొంతు ఎటు నుంచి వచ్చిందో అటు తల తిప్పి, "తప్పేనండీ" అంది. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

పేజీ చింపేద్దామంటే వెనకవైపు వాడి రాత. ఈవిడ చెయ్యి పెట్టుకుంటానన్న కాగితం అదే. కాల్చడానికీ అదే అడ్డం. తల్లీ కూతుళ్ళిద్దరూ పక్కింటికి వెళ్ళిన పూట గిన్నెలోంచి గుప్పెడు అన్నం తీసి మెత్తగా మెదిపి, చిన్నప్పుడు పుస్తకాల అట్టలు అతికించినట్టు ఆ పేజీని తర్వాతి ఖాళీ పేజీకి అతికించాను. మీద దిండు పెట్టి కూర్చున్నాను. ఆరాక చూసుకుంటే బాగానే కుదిరింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అన్నయ్య రాసిన పేజీ తర్వాత రెండు తేదీలు మాయమైతే, అందులో ఒకటి అన్నయ్య పోయిన తేదీ అయితే, చెల్లెలు కనిపెట్టదా? ఆ మాత్రం తట్టలేదు నాకు. మర్నాడు తాళంచెవి దొరికిందని చెప్పాను.

ఆదివారాలు చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక చదవడం. అత్తయ్య కిటికీ పక్క మంచం మీద, నా భార్య కళ్ళజోడు పెట్టుకుని కింద చాప మీద, నేను పేపరు అడ్డం పెట్టుకుని కుర్చీలో. పిల్లలకి పాఠం చెప్పే గొంతు, స్పష్టంగా చదివేది. రాహుకాలం పేజీ దగ్గర అత్తయ్య పకపకా నవ్వింది. మావాడే, మావాడి మాటే అంటూ మళ్ళీ చదివించుకుంది. నీళ్ళ డబ్బాల పేజీ దగ్గర, "పాపం మీరు కూడా ఎంత పడ్డారు బాబుగారూ" అంది. ఆ మాటకి లేచి బయటికి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళలేదు. ఏ పేజీ ఎప్పుడొస్తుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.

నాలుగో ఆదివారం వాడి రాత వచ్చింది. నా భార్య చదవలేకపోయింది. రెండుసార్లు నీళ్ళు తాగి చదివింది. అత్తయ్య డైరీని ఒళ్ళో పెట్టుకుని ఆ పేజీని అరచేత్తో పైనుంచి కింద దాకా నిమిరింది. తర్వాత తిరిగి ఇచ్చేసి, "మర్నాటిది కూడా చదవవే. బాబుగారు రాసుకునే ఉంటారు" అంది.

నా భార్య కాగితం తిప్పింది. తేదీ చూసింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. అంచుని వేలితో తడిమింది. నా వైపు చూడలేదు. జడలోంచి పిన్ను తీసి అంచు వెంట మెల్లగా లేపడం మొదలుపెట్టింది. ఎండిన అన్నం పెళుసుగా ఉంటుంది, సులువుగానే ఊడింది.

"ఏమైందే, ఆపేశావు?"

"పేజీలు అంటుకున్నాయమ్మా. విడదీస్తున్నాను."

చదువుకుంది. లోపల్లోపల. పేపరు అంచు మీద నుంచి నాకు ఆమె కళ్ళజోడు కనిపిస్తోంది, దాని వెనక కళ్ళు ఒక్కో వరుస వెంట నడిచి కిందికి దిగడం కనిపిస్తోంది. అడుగుకి చేరాక అక్కడే చాలాసేపు ఆగిపోయాయి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

పాఠం చెప్పే గొంతుతోనే పైకి చదివింది. "ఆ పొద్దున మంచు పట్టింది. బావ నాకంటే ముందు నడిచాడు. ఒకటే దెబ్బ, నొప్పి తెలియలేదు. అమ్మని తలుచుకున్నాడు. నా చేతుల్లోనే నిద్రపోయినట్టు వెళ్ళిపోయాడు."

నా సాక్ష్యమే. పొల్లు పోకుండా. అన్నేళ్ళు విన్నదాయె, నోటికి వచ్చేసింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుని, "చూశావా, రాసుకున్నది రాసుకున్నట్టే చెప్పారు బాబుగారు. ఒక్క మాట కూడా కలపలేదు" అంది.

మర్నాడు పొద్దున నా క్యారేజీ సర్దుతూ ఆమే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అరిచింది అన్నయ్య కాదన్నమాట."

"కాదు. వాడు బదులిచ్చాడంతే."

"మా నాన్న ఆ మాటతోనే పోయాడండీ."

"తెలుసు."

"మీరు రోజూ మా అరుగు మీదే కూర్చునేవారు అప్పుడు. సెలవు అయ్యేదాకా."

అన్నిచోట్లా చేసినట్టే ఆమె దగ్గరా తలొంచుకుని నిలబడ్డాను. క్యారేజీ మూత బిగించి చేతికిచ్చింది. "అమ్మ ఉన్నంతకాలం ఈ మాట ఇంట్లో వినపడకూడదు. మీరు చెప్పొద్దు, నేనూ అడగను. అమ్మ పోయాక మాట్లాడుకుందాం" అంది.

"ఏం మాట్లాడుకుంటాం?"

"ఇప్పుడు నాకూ తెలియదండీ. అప్పుడు చెబుతాను."

మాట చివర అదే అండీ, గొంతులో అదే మెత్తదనం. వేళకి కాఫీ, వేళకి అన్నం, ఇస్త్రీ చేసిన యూనిఫాం. ఎక్కడా తేడా లేదు. ఒకప్పుడు రైలు ఆలస్యమైతే ఫోన్ చేసేది, ఇప్పుడు చేయదు. అంతే తేడా. తిడితే తిరిగి తిట్టేవాణ్ణి, నా తత్వం అది. మెత్తగా ఉంటే ఏం చేయాలో నాకు తెలియడం లేదు. అత్తయ్యకి ఆ చివరి పేజీ మీద ఆశ తీరదు. ప్రతి ఆదివారం చదవమంటుంది. నా భార్య డైరీ తెరవకుండానే, ఒళ్ళో పెట్టుకుని, నా అయిదు వాక్యాలూ ఒప్పజెబుతుంది. నేను ఒక్కణ్ణే మోసినదాన్ని ఇప్పుడు ఆమె చేత కూడా మోయిస్తున్నాను. చెప్పేసి బావ పేరు నిలబెడదామంటే ఈ ముసలామె గుండె పగులుతుంది. చెప్పకపోతే వాడు చచ్చి కూడా నా తప్పు మోస్తూనే ఉంటాడు. ఏది చేసినా వాడికి నేను చేసింది పోదు. దేవుడు క్షమిస్తాడని పాస్టరుగారు అంటారు. క్షమించాల్సినవాళ్ళలో ఇద్దరు సమాధుల్లో ఉన్నారు, మూడో మనిషి క్యారేజీ కడుతోంది.

ఈ ఎండాకాలం అత్తయ్యకి ఆయాసం మొదలైంది. కాళ్ళు వాచాయి. బ్యాంకులో సెలవు పెట్టి ఆటోలో ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. గుండె బాగా పెరిగిందన్నాడు డాక్టరు, వయసు కూడా మీద పడింది కదా అన్నాడు. ఎన్నాళ్ళుంటుందని అడిగాను. చెప్పలేమన్నాడు. విజయవాడ తీసుకెళ్ళనా, హైదరాబాదు తీసుకెళ్ళనా, ఇంకేమైనా మందులున్నాయా అని వెంటపడ్డాను. ఆయన నన్ను వింతగా చూసి, కొడుకా అని అడిగాడు. అల్లుణ్ణన్నాను. పక్క బెడ్ల వాళ్ళు ఇలాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడని గుసగుసలాడుకున్నారు.

ఇంటికొచ్చాక ఆవిడ దగ్గితే చాలు, మంచం దగ్గరికి పరిగెడుతున్నాను. ఉప్పు వేయకుండా కూర విడిగా నేనే వండుతున్నాను. కాళ్ళు నేనే పడుతున్నాను. అల్లుడి చేత కాళ్ళు పట్టించుకోకూడదని మొదట్లో కుంచించుకుపోయేది, ఇప్పుడు ఓపిక లేక ఊరుకుంటోంది. రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఈవిణ్ణి ఇంకో ఏడు ఉంచమని, ఇంకో నెల ఉంచమని. ఆవిడ మీద ప్రేమతో కాదు. ఉంది, ప్రేమ కూడా ఉంది, కాని ఆ ప్రార్థన దాన్లోంచి వచ్చేది కాదు. ఆవిడ పోయిన రోజు నా భార్య మాట్లాడుతుంది.

నిన్న మధ్యాహ్నం భోజనం అయ్యాక అత్తయ్యని లేపి గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టాను. నీరసంగా నవ్వి నా చెయ్యి వెతికి పట్టుకుని, కూతురున్న వైపు తల తిప్పింది. "కొడుకున్నా ఇంతలా చూసేవాడు కాదే" అంది.

నా భార్య అట్ట చించి మాత్ర తీసి తల్లి అరచేతిలో పెట్టింది. నీళ్ళ గ్లాసు అందించింది.

"ఉంటే తెలిసేదమ్మా" అంది.